పదకొండో రోజు పరీక్ష

ఆ రోజుల్లో ఆడపిల్ల ఎప్పుడు పెద్దదయిందో వీధి మొత్తానికీ తెలిసేది. పెద్దదవడం అంటే ఏమిటో మాత్రం ఆ పిల్లకే తెలిసేది కాదు. నాకు కాస్త తెలుసు. సైన్సు టీచరు "ఇది ఇంట్లో చదువుకోండి" అని దాటేసిన పాఠాన్ని నేను నిజంగానే ఇంట్లో చదివాను (క్లాసులో ఆ మాట నమ్మింది నేనొక్కదాన్నే). యౌవనారంభం కొన్నేళ్లపాటు మెల్లగా సాగే దశ అనీ, ఒళ్లూ మనసూ ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా ఎదుగుతాయనీ అందులో ఉంది. పంజాగుట్టలోని మా రెండు గదుల ఇంట్లో నాయనమ్మ దాన్ని పదకొండు రోజుల్లో తేల్చేసింది.

నన్ను చాప మీద కూర్చోబెట్టింది గురువారం. వేళ్ల మీద లెక్క వేశాను. పదకొండో రోజు ఆదివారం. ఆ ఆదివారమే పది గంటలకు అమీర్‌పేటలో లెక్కల పోటీ పరీక్ష. ఎవరూ నేర్పకుండా, పాత పుస్తకాలతో ఏడాదిపాటు కుస్తీ పట్టింది దానికోసమే.

"నాయనమ్మా, తొమ్మిది సుత బేసే కదా! శుక్రవారమే తానం పోయించు, ఆదివారం పరీక్షకు పోతా."

"తొమ్మిది బేసని నాకెరుక లేదా? మీ మామకు ఆదివారమే సెలవు. మేనమామ చీర పెట్టకుంట ఫంక్షనెట్లయితదే?"

"అసలు బేసి రోజులే ఎందుకు?"

"గట్లనే ఉంటది. పెద్దమనిషివి కాంగనే నోరు సుత పెరిగిందా?"

(నోరు కూడా పెరుగుతుందని పాఠంలో లేదు. చేర్చాలి.) అమ్మ వైపు చూశాను. నువ్వులూ బెల్లమూ దంచుతున్న అమ్మ తలెత్తలేదు. నాకు ఎక్కువ కోపం దానికే.

ఆదివారం పట్టుచీర చుట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. నా గురించి మాట్లాడనివాళ్లు లేరు, నాతో మాట్లాడినవాళ్లూ లేరు. ఫొటో అతను "జర నవ్వమ్మా" అని నాలుగుసార్లు అడిగాడు. నేను పక్కకు చూశాను. పదకొండూ ఇరవై. పరీక్ష పన్నెండు దాకా. నలభై నిమిషాలు, ప్రశ్నకు రెండు చొప్పున ఇరవై ప్రశ్నలు.

ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చే ఉద్దేశమూ నాకు లేదు. ఆల్బం తెరిచిన ప్రతి చుట్టమూ "ఎంత సిగ్గో చూడు, ముఖం తిప్పుకుంది" అంటుంది. మొన్న మా పన్నెండేళ్ల అమ్మాయి మాత్రం ఆ ఫొటోలో నా చూపు వెంట వేలు జరుపుకుంటూ గోడ దాకా వెళ్లి ఆగింది.

"మమ్మీ, నువ్వు గడియారం చూస్తున్నవ్ కదా?"

నవ్వొచ్చింది. పూలజడ బరువుకు మెడ వంగిపోతున్నా, ఇరవై ప్రశ్నలకు ఇంకా టైముందనే నమ్మి కూర్చుంది ఫొటోలోని ఆ పిల్ల.