ఆ రాత్రి ఒక్క కిక్కుకే

ఒట్టు వేయమంటే వేస్తాను. దేవుడి మీద కాదు... ఇదిగో, ఈ కుడిచేతి మీద. ఏళ్ల తరబడి ఇనుము చెక్కే లేతు మిషను తిప్పిన చేయి ఇది. ఇది లేకపోతే నాకు తిండి లేదు. దీని మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు. నవ్వొస్తే నవ్వండి. నవ్వే చోట్లు కూడా ఉన్నాయి. కానీ చివరిదాకా విన్నాక నవ్వండి.

తొంభైల చివరి మాట. ఇంద్రేశంలో కొత్తగా వేసిన ప్లాట్ల మధ్య ఒక ఇంటి పై గదిలో కిరాయికి ఉండేవాళ్లం, నేనూ నా భార్య సుజాతా. చుట్టుపక్కల ఇళ్లు తక్కువ. ఎటు చూసినా పునాదులు, ఇటుకల కుప్పలు, తుమ్మ చెట్లు. నేను పటాన్‌చెరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో లేతు ఆపరేటర్‌ని. కింద ఇంటి ఓనర్లు ఉండేవారు. భీమవరం వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు. ఆయన పెద్ద ప్లాంటులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. ఆవిడ సత్యవతి గారు. మంచి మనిషే, కానీ గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది.

ఆ గొంతు ఎక్కువగా నా బండి మీదే లేచేది.

బండి అంటే జపాన్ బండి. డెబ్బైల నాటిది. రెండు సిలిండర్లు. ఎవరు తెచ్చుకున్నారో, ఎవరు నడిపారో తెలియదు. పాత ఇనుము కొట్టులో రేకుల కింద పడి ఉంటే చూశాను. సీటు మీద కోడి గుడ్లు పెట్టింది. ట్యాంకు మీద తుప్పు. అయినా ఇంజను మీద వేడి తగ్గించే ఆ రెక్కలు... అంత సన్నగా, అంత వరుసగా పోత పోసిన చేయి ఎవరిదో అనుకున్నాను. ఇక వదల్లేకపోయాను. రిక్షా బండి మీద వేసుకుని ఇంటికి తెచ్చి మెట్ల కింద పెట్టాను.

అప్పటి నుంచి ఆదివారాలన్నీ దానికే. దొరకని సామాను నేనే లేతు మీద తయారుచేసుకున్నాను. సుజాత నాన్న గుమ్మడిదలలో పంపుసెట్ల మెకానిక్. అందుకని ఇంజనంటే ఆమెకు బెదురు లేదు. కార్బొరేటర్ విప్పి కిరోసిన్‌లో నానబెట్టి, అందులోని సన్నని రంధ్రాలను ఇత్తడి పిన్నుతో శుభ్రం చేసేది. ఇంజను రెక్కల సందుల్లో పాత టూత్‌బ్రష్షుతో రుద్దేది. ఏ వైరు విప్పినా కొసకు జాకెట్టు గుడ్డ ముక్క చుట్టి దారంతో ముడి వేసేది. అది ఆమె పద్ధతి.

కానీ బండి మాత్రం నడవలేదు. కాళ్లు నొప్పి పుట్టేదాకా కిక్కు కొడితే ఎప్పుడో ఒకసారి దగ్గేది. ఒక నిమిషం తిరిగి ఆగిపోయేది. ఒక్కసారి కూడా గేటు దాటలేదు.

"నర్సింలూ, ఇది బండా, శవమా? దసరాకి మా అమ్మాయి వాళ్లొస్తారు. ఈలోపు దీన్ని తీసేయాల్సిందే. గచ్చంతా నూనె మరకలయ్యా!" అనేవారు సత్యవతి గారు.

"తీస్తనమ్మా. జెర టైమియ్యుండ్రి" అనేవాడిని.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. ఈ బండికి బ్యాటరీయే ప్రాణం. బ్యాటరీ నుంచి కరెంటు వస్తేనే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. బ్యాటరీ లేకుండా కిక్కు కొట్టడమంటే పొయ్యిలో కట్టె పెట్టకుండా ఊదుతూ కూర్చోవడమే. ఇది గుర్తుంచుకోండి.

ఆ రోజు నాది రెండో షిఫ్టు. సుజాత మధ్యాహ్నమే పుట్టింటికి వెళ్లింది. కంపెనీ బస్సు నన్ను రోడ్డు మీద దింపేసరికి బాగా పొద్దుపోయింది. కరెంటు లేదు. గాలి కూడా లేదు. రోజూ వచ్చే మందుల ఫ్యాక్టరీల వాసన మాత్రం ఉంది... కుళ్లిన గుడ్డులాంటి వాసన. గేటు తీశాను. కిర్‌ర్‌మంది.

"నర్సింలూ..."

వీధి చివరికి వినపడే గొంతు కాదు అది. చాలా చిన్నగా... నేలలోంచి వచ్చినట్టు...

మెట్ల మీద కూర్చుని ఉన్నారు సత్యవతి గారు. పక్కన టార్చిలైటు పడి ఉంది. దాని వెలుతురు ఆవిడ పాదం మీద పడుతోంది.

"ఏమైందమ్మా? చీకట్ల గిట్ల కూసున్నరేంది?"

"పామయ్యా... కరిచింది. నల్లగా ఉంది, మీద తెల్ల గీతలు. మోటారు స్విచ్చు కట్టేద్దామని వెళ్లాను. ఇటుకల దగ్గర... మీ సారేమో నైట్ డ్యూటీ."

కట్లపాము. మా ఊళ్లో దాని సంగతి తెలియనివాడు లేడు. వాపు రాదు, పెద్దగా నొప్పి ఉండదు. నిద్ర వస్తుంది. అంతే... నిద్ర.

"పరేషాన్ గాకుండ్రి. కాలు కదపకుండ్రి. ఇప్పుడే వస్త" అని పరుగెత్తాను. స్కూటరున్న ఇల్లు ఒక్కటే ఉంది మా వైపు. దానికి తాళం. రోడ్డు మీదికి పోయాను. ఆటో లేదు, లారీ లేదు. కుక్క కూడా లేదు. మళ్లీ వెనక్కి పరుగెత్తుకొచ్చాను.

ఆవిడ కనురెప్పలు వాలిపోతున్నాయి. చేత్తో పైకెత్తుకుంటున్నారు.

ఇక మిగిలింది మెట్ల కింద ఉన్నదే. మీద కప్పిన దుప్పటి లాగేశాను.

"అది కదులుతుందా?" అన్నారు ఆవిడ.

"కదలాలె."

తాళం తిప్పాను. మీటరు కింద చిన్న పచ్చ దీపం వెలిగింది. బండి న్యూట్రల్‌లో ఉందని చెప్పే దీపం అది.

"ఆ పచ్చ దీపం ఏంటయ్యా?"

"తయారున్నట్టమ్మా."

"మరి చూస్తావేం? కొట్టు!"

కొట్టాను.

ఒక్క కిక్కు. ఒకే ఒక్కటి...

లేచింది. దగ్గలేదు, వణకలేదు. రెండు సిలిండర్లూ ఒక్క గొంతుతో లేచాయి. హెడ్‌లైటు వేస్తే గేటు దాటి, ఖాళీ ప్లాట్లు దాటి, తుమ్మ చెట్ల దాకా తెల్లటి వెలుగు. అంత వెలుగు ఆ బండికి అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఆశ్చర్యపోయే తీరిక లేదు. ఆవిణ్ని వెనక కూర్చోబెట్టి, ఆ దుప్పటితోనే ఆవిడ నడుమును నా నడుముకు కట్టేశాను.

"నిద్రపోవద్దమ్మా. మాట్లాడుండ్రి. చేపల పులుసు ఎట్ల జేస్తరో చెప్పుండ్రి."

"చింతపండు... ముందు నానబెట్టాలి..."

"ఆఁ, నానబెట్టిన. తర్వాత?"

"ఉల్లిపాయ... నూరి..." గొంతు ముద్దగా వస్తోంది. తల నా భుజం మీద బరువుగా పడింది.

"అమ్మా! దసరాకు ఈ బండి తీసెయ్య. ఏం జేస్తరో జేసుకోండ్రి!"

భుజం మీద తల లేచింది. "తీ... సేయాల్సిందే" అంది ఆ గొంతు. ఆ మాట వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

హైవే ఎక్కాం. రెండో గేరు... మూడో గేరు. నిజం చెప్పనా? అంత భయంలోనూ నా గుండె పొంగింది. అన్ని ఆదివారాలు నేను వినాలనుకున్న చప్పుడు అదే. నేను లేతు మీద చెక్కిన ప్రతి ముక్కా కింద తన పని తాను చేస్తోంది. ఫ్యాక్టరీల దీపాలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతున్నాయి. లారీలను దాటేస్తున్నాం. సీటు కింద బ్యాటరీ ఉండే పక్క మూత దగ్గర మాత్రం కటకటమని ఏదో కొట్టుకుంటోంది. బ్యాటరీ బెల్టు వదులైందేమో అనుకున్నాను. ఆగలేదు.

పటాన్‌చెరు దవాఖానా గేటు దగ్గర హారన్ కొడితే వాచ్‌మన్ ఖాజా భాయ్ స్ట్రెచర్ తోసుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం కలిసి లోపలికి చేర్చాం. డాక్టరమ్మ చూసిన వెంటనే సూది మందు ఎక్కించడం మొదలుపెట్టింది. "టైముకే తెచ్చారు. ఊపిరి తగ్గితే మాత్రం సిటీకి తీసుకెళ్లాలి. బయటే ఉండండి" అంది.

అందుకే బండి ఆపలేదు. ఆపితే మళ్లీ లేస్తుందో లేదో. వసారా ముందు స్టాండు మీద అలాగే తిరుగుతోంది. హెడ్‌లైటు వెలుగు ఎదురు గోడ మీద గుండ్రంగా పడుతోంది. ఆ వెలుగు అంచున ఒక బల్లి పురుగు కోసం కాచుకుని ఉంది.

"పెట్రోల్ గాలబెడుతున్నవ్ మియా. బంద్ జెయ్యి" అన్నాడు ఖాజా భాయ్.

"బంద్ జేస్తే మళ్ల స్టార్టయితదో లేదో భాయ్. జెర టార్చి పట్టు, ఈ మూతల ఏదో కటకటమంటున్నది."

టార్చి పట్టాడు. నేను వంగి పక్క మూత లాగాను. దాని రబ్బరు సరిగా కూర్చోలేదు, అందుకే ఆ చప్పుడు. తేలిగ్గా ఊడి చేతిలోకొచ్చింది.

లోపల...

ఏమీ లేదు.

బ్యాటరీ ఉండాల్సిన తొట్టి ఖాళీ. నా కళ్లు మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను. చేయి పెట్టాను. అడుగున రేకు తగిలింది. చల్లగా... ఒక మూల నుంచి ఇంకో మూల దాకా తడిమాను. రేకే. దారిలో పడిపోయిందా? అప్పుడు చూశాను వైర్లను. రెండు వైర్లూ పక్కన వేలాడుతున్నాయి. ఒక్కో కొసకు... జాకెట్టు గుడ్డ ముక్క. దారంతో బిగించి వేసిన ముడి. ఎవరో తీరిగ్గా కూర్చుని విప్పి, చుట్టి, కట్టి పెట్టినట్టు.

పడిపోలేదు. అసలు లేదు.

బండి తిరుగుతూనే ఉంది. నా మోచేతికి అంగుళం దూరంలో... అదే గొంతు, అదే లయ. గోడ మీద వెలుగు రెప్పయినా కొట్టలేదు. బల్లి పురుగును పట్టుకుంది.

"బ్యాటరీ ఏది?" అన్నాడు ఖాజా భాయ్. గొంతు తగ్గించి అన్నాడు, బండి వింటుందేమో అన్నట్టు.

ఇద్దరం అలా నిలబడిపోయాం. ఆ చప్పుడు వింటూ... వింటూ... నా చెమట చుక్క వేడి ఇంజను మీద పడి చుయ్‌మంది. నేను ఎగిరిపడ్డాను.

నర్సు బయటికొచ్చింది. "ఊపిరి మంచిగనే ఉన్నదన్నా. సిటీకి అవసరం లేదన్నది డాక్టరమ్మ."

నేను చేయి చాచి తాళం తిప్పాను. ఆగింది. మామూలు బండి ఆగినట్టే ఆగింది. వెలుగు పోయింది.

మళ్లీ తాళం తిప్పాను. పచ్చ దీపం లేదు. కిక్కు కొట్టాను. ఏమీ లేదు. పది కొట్టానో, యాభై కొట్టానో. ఖాజా భాయ్ నా భుజం పట్టి ఆపాడు. "చాలు మియా. జేసేది జేసింది గదా. ఇగ వదిలెయ్" అన్నాడు.

తెల్లారాక బస్టాండుకు వెళ్లి నిలబడ్డాను. గుమ్మడిదల వైపు నుంచి సుజాత వచ్చే బస్సు కోసం. నన్ను చూసి కంగారుగా దిగింది.

"గింత పొద్దుగాల నువ్విక్కడేంది? ఏమైంది?"

"బ్యాటరీ ఏది సుజాతా?"

"కోపం జెయ్యకు. నిన్న పోయేటప్పుడు నేనే తీసి, గీ దుకాణంల చార్జింగ్‌కిచ్చిన. నీకు చెప్పనీకి వీలు గాలే."

దుకాణం షట్టరు అప్పుడే లేపుతున్నారు. లోపల బల్ల మీద మా బ్యాటరీ. దానికి క్లిప్పులు ఇంకా తగిలించే ఉన్నాయి. "రాత్రంతా చార్జింగ్‌లనే ఉన్నదన్నా, ఫుల్లయింది" అన్నాడు దుకాణం అతను. దాన్ని ఎత్తుకుని దవాఖానాకు నడుస్తూ సుజాతకు అంతా చెప్పాను. అక్కడికి చేరగానే ఆమె బండి దగ్గర కూర్చుని తాను వేసిన ముళ్లు తానే విప్పింది. ముళ్లు ఎవరూ ముట్టుకోలేదని చెప్పింది. నిండా చార్జయిన బ్యాటరీ బిగించి నాలుగు కిక్కులు కొడితే బండి లేచింది.

నాలుగైదు రోజులకు సత్యవతి గారిని ఇంటికి పంపారు. సారు ఆటో తెచ్చారు. ఆవిడ ఎక్కలేదు.

"నన్ను తెచ్చిన బండి మీదే వెళ్తాను. మీరు సంచులు పట్టుకుని వెనకాల రండి" అన్నారు. గొంతు మళ్లీ వీధి చివరికి వినపడింది. దవాఖానా అంతా నవ్వింది. పట్టపగలు, హైవే మీద, ఫ్యాక్టరీ గేట్ల ముందు టీ తాగేవాళ్లంతా తలలు తిప్పి చూస్తుంటే మేం ఇంద్రేశం చేరాం. గేటు దగ్గర జనం. ఆవిడ బండి దిగకుండానే చెప్పారు: "ఇదిగో, అందరూ వినండి. ఈ బండి మా మెట్ల కిందే ఉంటుంది. నూనె కారితే కారనీ!"

కారింది కూడా. ఆ తర్వాత అదే మెట్ల కింద ఇంకెన్నో జపాన్ బండ్లను లేపాను. సంగారెడ్డి నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. లేవదని అందరూ వదిలేసిన బండిని లేపి, మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు నాకంటే గొప్పవాడు లేడనిపిస్తుంది. ఈ రోజుకీ అంతే.

ఆ రాత్రి సంగతి మాత్రం తేలలేదు. సారు ఎలక్ట్రికల్ మనిషి కదా, బొమ్మ గీసి మరీ చెప్పారు. ఇంజను తిరిగితే లోపలి తీగ చుట్టల్లో మిగిలిన అయస్కాంత శక్తితో కాస్త కరెంటు పుట్టవచ్చట. "సరే సార్. మరి కిక్కు కొట్టకముందే దీపం ఎట్ల ఎలిగింది?" అన్నాను. ఆయన పెన్సిలు కింద పెట్టేశారు. పక్కనుంచి సత్యవతి గారు, "నేనూ చూశానుగా" అన్నారు. సుజాతేమో దాని గురించి మాట్లాడనే మాట్లాడదు. పాత జపాన్ బండ్లు తెలిసిన ప్రతివాణ్నీ అడిగాను. కొందరు నవ్వారు, కొందరు లేచి వెళ్లిపోయారు.

నేనూ ఊరుకోలేదు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఎన్నోసార్లు బ్యాటరీ తీసి పక్కన పెట్టి, తాళం తిప్పి చూశాను. చీకట్లో మీటరు వైపే చూస్తూ కూర్చునేవాణ్ని. భయంగానే ఉండేది... వెలుగుతుందేమోనని. కాసేపయ్యాక లేచి, బ్యాటరీ మళ్లీ బిగించేసి మెట్లెక్కేవాణ్ని. అప్పుడు మాత్రం... ఎందుకో తెలియదు... వెలిగి ఉంటే బాగుండేదనిపించేది.