అస్తా పాలు, గిడాడో మడమ

ఏ మందైనా పాలతోనే మింగించడం అస్తా అలవాటు. ఆఫ్రికాలోని అడమావా కొండల మీద, ఆవుల్ని కాసే ఫులానీల ఇళ్లలో చేదును దింపేది పాలే. అందుకే మొగుడు గిడాడోకి టైఫాయిడ్ వచ్చి నర్సు హబ్సతు సిప్రో మాత్రలిస్తే, ప్రతి మాత్రకూ సొరకాయ బుర్ర నిండా పాలు పట్టింది. ఐదు రోజులైనా జ్వరం దిగలేదు. వానలు ఆగిపోయాయి, వారంలోగా ఆవుల మందను మేతకు ఏటి పల్లానికి తోలాలి. ఆయన లేవకపోతే నడిపేవాళ్లు లేరు.

"మాత్ర ఎలా వేస్తున్నావే? చేసి చూపించు," అంది హబ్సతు.

అస్తా బుర్ర అందుకుంది.

"అయ్యో తల్లీ! పాలు ఆ మందును పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవే. మందులో సగం దాకా కడుపులోంచి అలాగే పోయింది."

"నా పాలా అక్కా?" అస్తా బుర్ర కింద పెట్టేసింది.

"పాలు విషమేం కాదు. మాత్ర మటుకు నీళ్లతో వెయ్యి. పొద్దున మాత్ర పడ్డ రెండు గంటలకు పాలియ్యి. మధ్యాహ్నం నుంచి సాయంత్రం మాత్ర అరిగేదాకా చుక్క వద్దు. ఇంకోటి, ఈ మందు కొందరికి మడమ వెనక తాడులా ఉండే నరాన్ని దెబ్బతీస్తుంది. నొప్పంటే మాత్ర ఆపి, నడవనివ్వకుండా నాకు కబురెట్టు."

"నొప్పని ఆయన చెబుతాడా? ముల్లు దిగినా మూలగడు."

"ఆయనకు నోరు లేకపోతే నీకు కళ్లు లేవూ?"

నాలుగో రోజుకి జ్వరం దిగింది. మర్నాడు గిడాడో దొడ్డి దగ్గర కర్ర ఆనుకుని కాపరులు నిలబడేట్టే ఒంటికాలి మీద నిలబడ్డాడు. పాలు పితుకుతున్న అస్తా చెయ్యి ఆగింది. ఇరవై ఏళ్లుగా ఆయన నిలబడేది ఎడమకాలి మీద. ఇవాళ కుడికాలి మీద నిలబడ్డాడు.

లేచి వెళ్లి, వంగి ఎడమ మడమ వెనక నొక్కింది. కర్ర మీద ఆయన వేళ్లు బిగుసుకున్నాయి.

"కూర్చో."

"ఎల్లుండి మంద కదలాలే!"

"ఆ నరం తెగితే వచ్చే ఏడు కూడా కదలవు. మందను నేను తోలతాను."

"ఆడది ఆవుల్ని తోలిందంటే నవ్వుతారు."

"నవ్వనీ. నీకూ పొద్దు పోతుంది, వాళ్లతో పాటు నువ్వూ నవ్వు."

కర్ర లాక్కుంది. హబ్సతు వచ్చి మందు మార్చింది, నెల దాకా నడక వద్దంది.

మంద అనుకున్న రోజే కదిలింది. ముందు అస్తా నడిచింది. వెనక గాడిద మీద గిడాడో, ఏ ఆవు ఏ పిలుపుకు తిరుగుతుందో చెబుతూ వచ్చాడు. దారి పొడుగునా ఎన్నో నవ్వులు వినిపించాయి. గిడాడో మాత్రం కర్ర తిరిగి అడగలేదు.