పోపు లేని పచ్చిపులుసు

పోయిన మంగళారం పొద్దుగాల మా పక్క క్వార్టర్ పెద్దమ్మ కాలం చేసింది. పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేదాక జర నడుం వాలుస్తనని మంచం మీద ఒరిగిందట. పాలు పొంగి పొయ్యంత కారినా ఆమె లేవకపోయేసరికి ఆమె పెనిమిటి పెద్దబాపు పోయి లేపి చూసిండు. ఇరవై రెండేండ్ల సంది పక్కపక్కన ఉంటున్నం, ఆమె పాలు పొంగనిచ్చుడు నేనెన్నడు చూడలే. ఇంతల నడిమి గోడ మీదికెల్లి పెద్దబాపు నన్ను పేరు పట్టి పిలిచిండు. ఆయన నన్ను పేరు పట్టి పిలుసుడు గదే మొదలు. గా పిలుపుతోనే నాకు సమజైంది.

ఆమె పేపర్ల పడే మనిషి కాదు. మందమర్రిల బొగ్గు బాయి పనికి పోయే ఒక కార్మికుని పెండ్లాం, అంతే. ఇంకో ఏడాదైతె పెద్దబాపు రిటైరైతుండె. గా రోజు మా క్వార్టర్ల లైనంతటికి ఏం వండాల్నో ఆమె ఇప్పటికే నాలుగు తీర్ల అనుకున్నది. పోయేటందుకు రెండొద్దుల ముందు, ఆదివారమే మక్క గారెలు పెడ్దామా వద్దా అని నాతోని కొట్లాడింది. నేను వద్దన్న. అంతమందికి గారెలు కాల్చుకుంట కూసుంటె నీ నడుం నీకు దక్కదు పెద్దమ్మా అన్న. ఆమె ఇన్లే. ఆమె ఎవల మాటిన్నదని?

వంట ఆమెకు పని గాదు, సరదా. గీ మాటంటె మా లైన్ల ఆడోళ్ళే నవ్వుతుండె, పొద్దు మాపు పొయ్యి కాడ సచ్చేటోళ్ళకు సరదా ఏంది అని. కని ఆమెకు నిజంగనే సరదా. కొత్తోళ్ళు ఎవలన్న క్వార్టర్ల దిగితె, సామాన్లు లోపటికి పోకముందే మీరేం తింటరని అడిగేది. ఆసిఫాబాద్ దిక్కు నుంచి మరాఠీ మాట్లాడే ఒకామె వస్తె, మూడొద్దులల్ల ఆమె తాన శనగపిండితోని చేసే పిట్ల కూర నేర్చుకున్నది. ఇద్దరికి ఒకలి మాట ఒకలికి సక్కగ తెల్వది. ఆమె చెయ్యి చూపెట్టుడు, ఈమె తలకాయ ఊపుడు. గట్లనే నేర్చుకున్నది, ఆమెకంటె మంచిగ చేసింది సుత.

చర్చికి పోయే నర్సు సిస్టరు ఒకామె ఉంటుండె మా లైన్ల. గంజుల ఇసుక పోసి, దాంట్ల గిన్నె పెట్టి క్రిస్మస్ కేకు చేసేది. పెద్దమ్మ అది చూసి, మనం చక్కెరకు బదులు బెల్లం ఏద్దమన్నది. సిస్టరు వద్దన్నా ఇన్లే. గా కేకు కత్తికి తెగలే. తిన్నోళ్ళందరు దవడలు పట్టుకున్నరు. ఆమె మాత్రం ఏ ఫికర్ లేకుంట, తినుండ్రి, మల్ల చేస్తె మంచిగైతదన్నది. మల్ల చేసింది, మల్ల గట్లనే అయింది. మూడోసారి కుదిరింది. గప్పటి సంది క్రిస్మస్ పండుగకు చర్చిల కెల్లి మనుషులొచ్చి ఆమెతోనే కేకు చేయించుకపోతుండె.

ఈ నడుమ ఫోన్ల వీడియోలు చూసుడు మొదలువెట్టింది. వాటితోని సుత కొట్లాటనే. వీడు ఉప్పెంతేసిండో చెప్పకుంటనే ఇకిలిస్తుండు చూడు అని ఫోన్‌ను తిట్టేది.

నేను మెట్‌పల్లి కెల్లి కోడలుగ వచ్చిన్నాడు నాకు అన్నం వార్చుడు తప్ప ఏం రాకపోయేది. నాకు నేను మాత్రం అన్ని వచ్చనుకునేదాన్ని. వచ్చిన వారానికే బియ్యప్పిండితోని సర్వపిండి చేస్తనని కూసున్న. మొదటిది మంచిగనే అయింది. గదే ఊపుల కాలుతున్న గంజుల రెండోసారి పిండి ఒత్తబోయి నాలుగు వేళ్ళకు బొబ్బలెక్కించుకున్న, పిండేమో గంజుకు అతకలే. పిండి మంచిది కాదు, మర పట్టినోడు మంచోడు కాదని గొణుగుతుంటె పెద్దమ్మ గోడ మీదికెల్లి చూసింది. సుట్టు తిరిగి మా ఇంట్లకొచ్చి, గంజు బోర్లిచ్చి ఎనుక దిక్కు చెంబెడు సల్లటి నీళ్ళు పోసింది. అది సుయ్యుమని సల్లారింది. అప్పుడు పిండి ఒత్తి, ఏలుతోని తూట్లు పెట్టి, నూనె పోసి నా దిక్కు చూసింది. గంజు సల్లారేదాక ఆగనోళ్ళు పిండిని తిట్టొద్దు బిడ్డా అన్నది. గా మాట నాకు వంటల కన్న కాపురంలనే ఎక్కువ పనికొచ్చింది. మా ఆయన సుత ఒప్పుకుంటడు.

పచ్చిపులుసు సుత ఆమె తాన్నే నేర్చుకున్న. చింతపండు రసంల ఉల్లిగడ్డ పిసికి, కాల్చిన పచ్చిమిర్ప నలిపి, నువ్వుల పొడి కలుపుడు ఎవలకన్న వస్తది. అసలు సంగతి పోపుల ఉంటదనేది ఆమె. ఎల్లిపాయ ఎర్రగైనంక కల్యామాకు ఏసి, అది చిటపట అంటుండంగనే పులుసుల గుమ్మరియ్యాలె. ఒక్క ఘడియ అటిటైనా పనికిరాదు. పదిసార్లు నాతోని చేయించింది. పదిసార్లు వంక పెట్టింది. పదకొండోసారి ఏమనలే. గా రోజు నాకు పరీక్ష పాసైనంత సంబురమైంది.

ఆమెకు ఒక్కటే కొదువ. పెద్దబాపు ఆమె వంటను ఎన్నడు మెచ్చుకోలే. వంక సుత పెట్టలే. అసలు ఆయన మాట్లాడుడే తక్వ. మాటలన్ని బాయిల్నే పారేసి వస్తడని ఆమె అంటుండె. దినాం అన్నం పెట్టి ఎదురుంగ కూసుండి, "ఎట్లున్నది?" అని అడిగేది. ఆయన జవాబియ్యకుంట అన్నం తినే తలె ముందటికి జరుపుతుండె, మల్లింత పెట్టమని. జరిపిండంటె కుదిరినట్టు, జరపలేదంటె కుదరనట్టు. నలభై ఏండ్ల కాపురంల గదే లెక్క. నేను ఎక్కిరిస్తె నవ్వేది. "ఆయన నోరు మాట్లాడది బిడ్డా, తలె మాట్లాడ్తది," అనేది.

ఇగ నేను చెప్పాల్సిన అసలు ముచ్చట.

మా దిక్కు సావైన ఇంట్ల గా రోజు పొయ్యి ముట్టియ్యరు. పక్కోళ్ళే వండి తెస్తరు. మా లైన్ల ఎవలింట్ల సావైనా, దగ్గరోళ్ళయినా దూరపోళ్ళయినా, మొట్టమొదలు అన్నం పట్టుకపోయేది పెద్దమ్మనే. ఆమెను ఎవలు చెయ్యమనలే. మనుషులు స్మశానం కెల్లి వచ్చి తానాలు చేసేటాలకు అన్నం, పెసరపప్పు, పచ్చిపులుసు తయారుండేది.

నన్ను కన్న మా అవ్వ పోయినప్పుడు నేను మెట్‌పల్లిల పదకొండొద్దులుండి వచ్చిన. గా పదకొండొద్దులు ఏం తిన్ననో నాకే యాదిలేదు. ఇంటికొచ్చినంక సుత గట్లనే ఉన్న. మా ఆయన బతిలాడి యాష్టకొచ్చిండు. పెద్దమ్మ వచ్చింది. నాకు ఆకలైతలేదన్న. ఆమె బతిలాడలే. కింద కూసుండి అన్నంల పచ్చిపులుసు పిసికింది.

"ఆకలి కాకపోవుడు కాదు బిడ్డా. ఏడ్చినోళ్ళ నోరు చప్పగుంటది. జర పులుపు తగల్తె అదే తిరుగుతది," అన్నది.

ముద్ద నోట్ల పెట్టింది. పులుపుకు దవడలు గుంజినయి, కండ్లల్ల నీళ్ళొచ్చినయి. రెండో ముద్దకు నేనే నోరు తెరిసిన. గా పూట ఆమె రాకపోతె నేను ఇంకెన్నొద్దులు గట్ల కూసుందునో నాకు తెల్వది. ఇయ్యాల్టికి పచ్చిపులుసు తిన్నప్పుడల్లా నాకు మా అవ్వ, పెద్దమ్మ ఇద్దరు యాదికొస్తరు.

తర్వాత కొన్నాళ్ళకు, నేను మనుషుల్ల పడ్డంక, ఎక్కిరిద్దమని అడిగిన. గా రోజు పోపు పెట్టుడు మర్శిపోయినవు కద పెద్దమ్మా అని. ఆమె నవ్వలే. మర్శిపోలేదన్నది. సావైన ఇంటికి తీస్కపోయే కూరకు, పులుసుకు ఆమె ఎన్నడు పోపు పెట్టదట.

"పోపు వాసనొస్తె ఇల్లు ఎప్పటి తీరుగనే ఉన్నదని ముక్కు నమ్ముతది. కండ్లు తెరిసి చూస్తె మనిషుండదు. గా మోసం మనం చెయ్యొద్దు బిడ్డా."

ఎన్నేండ్లయింది గా మాటని. నేను మర్శిపోయిన్నాడు లేదు.

మంగళారం నాడు మా లైన్ల ఆడోళ్ళం ఒకలి మొకం ఒకలం చూసుకున్నం. ఎవలింట్ల సావైనా వండేది ఆమె. మరి ఆమెనే పోతె ఎవలు వండాలె? ఎవలు ఏమనకుంటనే అందరు నా దిక్కు చూసిండ్రు. గోడ పక్క ఇల్లు నాదే కద. పైనుంచి పెద్దబాపుకు షుగర్. పొద్దుగాల్టి సంది చాయ్ చుక్క సుత ముట్టలే, గోలీ ఏసుకోలే. అత్తగారింటి కెల్లి వచ్చిన పెద్దమ్మ బిడ్డ నా చెయ్యి పట్టుకోని, అక్కా, బాపు తినకపోతె మాకింకో కష్టమైతది అన్నది. మా ఊరోళ్ళు చెప్పినా, సుట్టాలు చెప్పినా ఆయన ఇన్లే. గోడకు ఒరిగి కూసున్నడు, అంతే.

స్మశానం కెల్లి వచ్చి తానాలు చేస్తుంటె నేను మా ఇంట్లకొచ్చి పొయ్యి ముట్టించిన. అన్నం అయింది. పప్పయింది. పులుసుల ఉప్పు చూసుకున్న, చింతపండు రసం ఇంకింత పోసిన, ఆమె చెప్పినట్టే. మనసంత ఆ ఇంట్లనే ఉన్నది. చేతులు వాటి పని అవి చేసుకపోతున్నయి. నూనె కాగింది, జిలకర ఏగింది, ఎల్లిపాయ ఎర్రగైంది. కల్యామాకు ఏసి, అది చిటపట అంటుండంగనే పులుసుల గుమ్మరిచ్చిన.

గుమ్మరిచ్చినంక గని యాదికి రాలే.

గంటె చేతిల పట్టుకోని నిలవడ్డ. వాసన అప్పటికే గోడ దాటింది. మా ఇండ్లల్ల గోడలకు వాసనలు ఆగుతయా? ఆమె నాకు చెప్పిన ఒక్క పద్ధతి, అది ఆమె ఇంటికే తప్పిన. మల్ల చేద్దమంటె చింతపండు లేదు, టైమూ లేదు. మా ఆయన వచ్చి ఏమైందన్నడు. చెప్తె, పోనియ్యి తియ్యి, గిసొంటి యాల్ల పోపు ఎవలు చూస్తరన్నడు. ఎవలు చూడకున్నా ఆయన చూస్తడు కద, నలభై ఏండ్లు తిన్నాయన.

ఏడ్సుకుంటనే గిన్నెలు పట్టుకోని పోయిన. తలుపు కాడ్నే ఆగిపోయిన. పెద్దబాపు తలకాయ లేపి ఉన్నడు. వంటింటి దిక్కు చూస్తుండు. మొకం నిమ్మళంగున్నది, డ్యూటీ దిగి వచ్చి అన్నం కోసం కూసున్న మనిషి లెక్క. గా నిమ్మళం ఒక్క ఘడియనే. వంటింట్ల ఎవలు లేరని ఆయనకు మల్ల యాదికొచ్చుడు నా కండ్ల ముందట్నే అయింది. ఆమె చెయ్యొద్దన్న మోసం అచ్చం గదే. నేను సిగ్గుతోని సచ్చిపోయిన.

గిన్నెలు కింద పెట్టి ఆయన ముందట కూసున్న.

"తప్పైంది పెద్దబాపూ. చెయ్యి ఆగలే," అన్న.

పెద్దబాపు జర ముందటికి వంగిండు. గిన్నె మూత తీసి చూసిండు. కల్యామాకు పైన తేలుతున్నది.

"గా చెయ్యి ఆమె నేర్పిందే కద," అన్నడు. "పెట్టు."

పెట్టిన. అన్నం పిసుక్కోనికె జర సేపు పట్టింది. మొదటి ముద్ద నోట్ల పెట్టుకోని అట్లనే కూసున్నడు. కండ్ల కెల్లి నీళ్ళు గడ్డం మీదికి కారినయి. తుడుసుకోలే. మింగిండు. రెండో ముద్ద తీసుకున్నడు. ఆయన బిడ్డ తలుపు ఎనుక నిలవడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

ఆయనకు ఎదురుంగ కూసున్నది నేను. అది ఆమె జాగ. గా సంగతి నాకు ఎర్కనే లేదు. ఎట్లొచ్చిందో ఏమో, మాట నా నోట్లకెల్లి దానంతట అదే వచ్చింది.

"ఎట్లున్నది?"

పెద్దబాపు తలకాయ లేపలే. తలెల మిగిలిన పులుసు వేళ్ళతోని ఊడ్చి నాకిండు. తర్వాత ఎడమ చెయ్యితోని తలెను మెల్లగ నా దిక్కు జరిపిండు.