చాక్ పెట్టిన మూల

పూల్ బల్ల దగ్గర షీబా మాట్లాడదు. పగలంతా పళ్ళ ల్యాబులో కట్టుడుపళ్ళు అరగదీసే వేళ్ళు బల్లమీద పరుచుకుని కర్రకు దారిస్తాయి, చున్నీ నడుముకు బిగుస్తుంది, గడ్డం కర్రమీదికి దిగుతుంది. ఆఖరి నల్లబంతిని ఏ మూల గుంటలో వేస్తారో ముందే తెలపాలి; షీబా అది నోటితో చెప్పదు. కర్ర కొనకు రాసుకునే నీలం చాక్ ముక్కను ఆ మూల పక్కన పెడుతుంది. ఆమె ఆడే శ్రీకాకుళం క్లబ్బులో అందరూ అంతే.

లీగ్ ఫైనల్లోనూ అలాగే పెట్టి కొట్టింది. బంతి పడింది. ఆమె జట్టు కేకలు వేసేలోపే విజయనగరం ఆటగాడు రమేష్‌బాబు చెయ్యి అడ్డంపెట్టాడు. "మూల నోటితో సెప్పనేదు. మా కాడైతే ఓడిపోయినట్టే."

"సాక్ కనబడనేదేటి? కళ్ళు బస్సులో మర్సిపోనావా మావా?" అంటూ షీబా జట్టులోని బెన్హర్ లేచాడు. గోల ముదిరింది. అంపైరు సత్యరాజు ఇద్దరి మాటా విని, బంతుల్ని మునుపటి చోట్లలో పెట్టి మళ్ళీ కొట్టమన్నాడు. కప్పు ఇక ఆ ఒక్క దెబ్బ మీదే ఉంది.

షీబా చాక్ తీసి జేబులో వేసుకుని రమేష్‌బాబు వైపు తిరిగింది.

"అదే మూలకైతే అలవాటంతావు అన్నా. ఈపాలి నీ పక్కనున్న మూలకి. ఇనబడ్డాదా?"

"ఇనబడ్డాది."

తెల్లబంతి అంచుకు తగిలి వెనక్కొచ్చి నల్లదాన్ని తాకింది. అది ఇంకా దొర్లుతుండగానే రమేష్‌బాబు మూల దగ్గర్నుంచి పక్కకు జరిగి, తన కర్ర మరలు విప్పి, రెండు ముక్కలూ సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.