చిన్నమ్మ అడగని బొందలగడ్డ

ముందే చెప్పేస్తున్నాను: ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. ఇది జబ్బు కాదు, వృత్తి. పెబ్బేరులో నాకు ఫ్లెక్సీలు ముద్రించే దుకాణం ఉంది. వార్డు మెంబరును గోపురమంత చేయడం, పుట్టినరోజు పాపను బస్సంత చేయడం, ఊళ్లో ఉన్న శుభాకాంక్షకుల తలకాయలన్నీ ఒకే బ్యానరులో కుక్కడం నా పని. ఆ అలవాటు నాలుకకు కూడా ఎక్కింది. మా ఇంట్లో ఎలుక కనిపిస్తే, నేను సంతకు వెళ్లి చెప్పేసరికి అది ఎద్దవుతుంది. బేరగాళ్లు దాని పళ్లు చూపించమంటారు. కాబట్టి ఈ కింద పెంచి రాసినవాటిని మీరే తగ్గించుకుని చదవండి. ఒక్క ముక్క మాత్రం పెంచింది కాదు, పూర్తిగా కల్పించింది. అదేదో చివర్లో నేనే చెప్తాను.

ఆ బ్యానరు ఆర్డరు తెచ్చినాయన మెడలో తాడు, తాడుకు కార్డు, కార్డు మీద ఆయన కంటే అందమైన ఆయన ఫోటో. మా దగ్గరి రిజర్వాయరు నీళ్ల మీద తేలే సోలార్ పలకలు పరుస్తారట. ముందుగా ప్రజల అభిప్రాయం అడగాలని రూలు ఉందట. హైస్కూలు మైదానంలో సభ, సభకు ఫ్లెక్సీ. బొమ్మ ఆయనే తెచ్చాడు. నీలం నీళ్లు, వాటి మీద ఇంకా నీలంగా పలకలు, పైన తెల్లకొంగల బారు, మూలన పళ్లన్నీ కనిపించేలా నవ్వే రైతు.

"సార్, నీళ్లంత మూసేస్తే కొంగలు యాడ వాలుతయి?" అన్నాను.

"అవి బ్యానరు వరకే," అన్నాడాయన.

నేను ముద్రించిన ఫ్లెక్సీని పరిస్తే వనపర్తి నుంచి గద్వాల దాకా రోడ్డుకు నీడ పడేది. సిరా ఆరడానికి దుకాణం ముందు వేలాడదీశాను. అప్పుడే చిన్నమ్మ వచ్చింది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. రిజర్వాయరు గట్టున పునరావాస కాలనీలో ఉంటుంది. వయసులో బొంబాయి, పుణె తిరిగి గోడలు కట్టిన చేయి, ఇప్పుడు పత్తి ఏరుతుంది. సంతకు వచ్చినప్పుడల్లా నా దుకాణంలో చాయ్ తాగి, నేను వేసిన నాయకుల బొమ్మలన్నిటికీ పేర్లు పెట్టి పోతుంది.

"ఏందిరా గిది, నీలిమందు డబ్బా ఒలికినట్టు?"

"సోలార్ ప్లేట్లు చిన్నమ్మా. మన నీళ్ల మీద పరుస్తరంట."

"పరుపులా ఏంది, పరవనీకె?" అని నవ్వింది. దగ్గరికొచ్చి చూసింది. తర్వాత కింది మూలన ఒకచోట వేలు పెట్టింది. "గీడ గూడ ప్లేట్లేనా?"

"ఆడ గూడ ప్లేట్లే."

వేలు తియ్యలేదు. సిరా ఇంకా పచ్చిగా ఉంది, వేలికి అంటుకుంది. అంటుకుంటుందని అనబోయి ఊరుకున్నాను. ఆ చోటు నాకు తెలుసు.

ఆ నీళ్ల కింద వాళ్ల పాత ఊరుంది. ఊరి పడమర చిన్న చర్చి, చర్చి వెనక బొందలగడ్డ. అందులో చిన్నమ్మ పెద్దకొడుకు ఉన్నాడు. జ్వరం తగిలి పోయాడు. అప్పటికి వాడికి మూడేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు నీళ్లొచ్చాయి. ఎండాకాలంలో నీళ్లు బాగా దిగినప్పుడు ఊరు మళ్లీ తేలుతుంది. మొండిగోడలు, చర్చి పునాది రాళ్లు, నరికిన చింతచెట్టు మొద్దు బయటపడతాయి. ఈస్టరు కూడా సరిగ్గా ఆ ఎండల్లోనే వస్తుంది. పండుగ రోజు తెల్లవారుజామున మావాళ్లు సమాధుల దగ్గరికి పోయి, సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అందరికీ సమాధులు ఊరి పక్కన ఉంటాయి. చిన్నమ్మ మాత్రం పార పట్టుకుని బురదలో దిగి, చింతమొద్దు నుంచి చర్చి మూలరాయికి చూపు పెట్టుకుని, ఒండ్రు గీకి, నాలుగు రాళ్లు బయటికి తీసి సున్నం కొడుతుంది. వానాకాలం రాగానే ఆ సున్నం పోతుంది. మళ్లీ ఏడు మళ్లీ కొడుతుంది. ఇన్నేళ్లలో ఆమె వాడిన సున్నంతో గద్వాల కోటకు లోపలా బయటా రెండు పూతలు వేయొచ్చు.

మెడతాడు ఆయన ఫ్లెక్సీ తీసుకుపోవడానికి వచ్చినప్పుడు అడిగాను, "నీళ్లు దిగిపోతే పలకలు ఏమవుతాయి సార్?" అని.

"ఏం కాదు. మట్టి మీద కూర్చుంటాయి. తట్టుకునేలా చేశారు."

"మనుషులు పోవచ్చా?"

"కరెంటు కదండీ. చుట్టూ కంచె ఉంటుంది."

ఈ మాట చిన్నమ్మకు చేరేశాను. సభ ఏనాడని అడిగింది.

సభ రోజు ఆమెను ఆటోలో తీసుకుపోయాను. మైదానం నిండా టెంటు, టెంటు నిండా జనం, జనం చేతుల నిండా అర్జీలు. మా దిక్కు టేబుల్ వెనక ఆఫీసరు కూర్చుంటే చాలు, అది దేని సభ అన్నది ఎవరికీ పట్టదు. ఒకాయన పింఛను ఆగిందని వచ్చాడు. ఒకామె బర్రెకు గర్భం నిలుస్తలేదని వచ్చింది, బర్రెను కూడా తెచ్చింది. ఒక పెద్దమనిషి బిజినేపల్లికి బస్సు కావాలన్నాడు. ఆ ఊరు మా జిల్లాలోనే లేదు. మజ్జిగ ప్యాకెట్లు పంచారు. టెంటు కింద జనం అందరూ ఒక్కసారి పన్నుతో కొరికి పీల్చిన చప్పుడుకు రిజర్వాయరు నీళ్లు జానెడు తగ్గాయి.

చేపలు పట్టే ఒకాయన లేచాడు. "సారూ, అద్దాల కింద చీకటైతది గదా. మా చాపలకు కండ్లు కనవడ్తయా, టార్చిలైట్లు ఏమన్న పంచుతరా?"

అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వి, రాసుకోమని పక్కాయనకు చెప్పాడు. పక్కాయన ఏం రాసుకున్నాడో నాకు కనబడలేదు.

తర్వాత నివేదిక చదివారు. గాలి బాగుందట, నీళ్లు బాగున్నాయట, పిట్టలు ఎటైనా పోగలవట. "జలాశయ పరిధిలో నివాసాలు, ప్రార్థనా స్థలాలు, ఇతర నిర్మాణాలు ఏవీ లేవు."

"లేవా?" అంది చిన్నమ్మ నా చెవిలో.

"సర్వే చేసినోళ్లు వానకాలం వచ్చిండ్రు చిన్నమ్మా. నిండుగ ఉండె. పడవల తిరిగి పోయిండ్రు."

"నిండుగున్నప్పుడు ఏం అగుపిస్తదిరా?" అంది. కోపం కాదది. దారి తప్పినవాడికి దారి చెప్పే గొంతు.

మైకు తిరిగి తిరిగి మా వరసకు వచ్చింది. చిన్నమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది.

"సార్, మీ కరెంటు వద్దంటలేను. మా ఇంట్ల గూడ బుగ్గ ఎలుగుతది. నాకు పింఛను గిట్ల ఏమొద్దు. మీ ప్లేట్ల కింద నా పెద్దకొడుకున్నడు. చిన్నపిలగాడు. నీళ్లొచ్చినప్పుడు మేము బొంబాయిల గోడ కడుతున్నం. ఇండ్లు రాసుకున్నరంట, చెట్లు రాసుకున్నరంట, వాన్ని ఎవలు రాసుకోలే. ఏడాదంత వాడు నీళ్లల్లనే ఉంటడు, నేనెన్నడన్న అడిగిన్నా? నీళ్లు దిగినప్పుడు ఒక్క పొద్దు పోయి సున్నమేసొస్త. ఆ చర్చి పునాది కాడ జర ప్లేట్లు పక్కకు జరుపుండ్రి. జరుపరాకుంటే పండుగ పొద్దు ఒక్కటి దారియ్యుండ్రి. నేను తీగలు ముట్ట."

మజ్జిగ ప్యాకెట్టు కొరుకుతున్నవాడు కొరికినట్టే ఆగిపోయాడు. బర్రె నెమరు ఆపింది. పెద్ద అధికారి కుర్చీ వెనక్కి జరిపి లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పకుండా చూస్తామమ్మా," అన్నాడు. ఆ గొంతులో తడి నేను విన్నాను.

ఆ తర్వాత వానలు వచ్చాయి, రిజర్వాయరు నిండింది. నిండిన నీళ్ల మీదికి లారీల్లో తెచ్చిన తేలే డబ్బాలు, డబ్బాల మీదికి పలకలు చేరాయి. గట్టు మీద నుంచి చూస్తే, ఎవరో ఆకాశాన్ని కోసి ఆరేసినట్టు ఉండేది. చిన్నమ్మ పత్తి చేనుకు పోతూ చూసేది.

ఒకరోజు కాలనీ చివర ట్రాక్టరు సిమెంటు ఇటుకలు దింపుతుంటే, పంచాయతీ సెక్రటరీ నన్ను చూసి కేక వేశాడు.

"మీ చిన్నమ్మ మస్తు హుషారే! మీటింగుల బొందలగడ్డ అడిగిందంట గద. సాంక్షన్ అయింది. కంపెనీయే కట్టిస్తుంది. ప్రహరీ, గేటు, బోరు, కూసోనీకె బల్లలు. నువ్వే మంచి ఫ్లెక్సీ ఒకటి కొట్టియ్యి."

నేను నవ్వలేకపోయాను. మామూలుగా ఇలాంటిది దొరికితే నెల రోజులు చెప్పుకుని తిరిగేవాడిని.

ఈ ఏడు ఈస్టరు రోజు తెల్లవారుజామున సున్నం డబ్బా, పార, కొవ్వొత్తులు పట్టుకుని చిన్నమ్మ నా ఇంటి ముందు నిలబడింది. పోయినా లోపలికి రానివ్వరని చెప్పాను. "అడిగి సూద్దాం. వాళ్లు గూడ మనుషులే గద," అంది. పోయాం.

నీళ్లు బాగా దిగాయి. పలకలు బురద మీద కూర్చుని ఉన్నాయి, కొన్ని ఇటు వాలి, కొన్ని అటు వాలి. చుట్టూ కంచె. కంచె దగ్గర కాపలాదారు పాన్‌గల్ దిక్కు మనిషి. చిన్నమ్మ వయసే ఉంటుంది. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"నా చేతుల లేదక్కా. క్యామెరాలున్నయి. నిన్ను ఇడిస్తే నా నౌకరి పోతది."

"నీ నౌకరి పోగొట్టనీకె రాలేదు అన్నా."

అతను సున్నం డబ్బా వైపు చూశాడు. "నేను లోపలికి పోవచ్చు. దినాం తిరుగుత. ఆ సున్నమియ్యి, నేనే ఏసొస్త. యాడనో చూపియ్యి."

చిన్నమ్మ మొహం వెలిగింది. కంచె తీగల్లోంచి చేయి పెట్టి చూపించింది. "అగో, ఆడ." ఆగింది. "కాదు, జర ఇటు." చేయి పక్కకు జరిగింది. చింతమొద్దు లేదు, పని చేసినవాళ్లు పెకిలించినట్టున్నారు. చర్చి పునాది పలకల కింద ఎక్కడో ఉంది. పడమరంతా ఒకే నీలం. ఆమె చేయి ఆ నీలం మీద ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది.

"మొద్దు ఉండాలె గద," అంది అతనితో, అతనే దాచినట్టు.

"నేనొచ్చినప్పటికే ఏం లేకుండె అక్కా."

చేయి కిందికి దించింది. అతను సున్నం డబ్బా కోసం చాపిన చేయి అలాగే ఉంచుకుని నిలబడ్డాడు. తర్వాత డబ్బా తీసుకున్నాడు.

వచ్చేటప్పుడు కాలనీ చివర కొత్త బొందలగడ్డ దగ్గర ఆటో ఆపమంది. గేటుకు పచ్చరంగు, నేల చదును, గోడ పక్కన మొక్కలు, ఇంకా ఒక్క సమాధీ లేదు. లోపలికి పోయి నడిమిట్ల నిలబడింది.

"గీడ ఎవలు లేరు గదరా."

"ఇప్పుడే కట్టిండ్రు చిన్నమ్మా."

"అడిగిందాన్ని నేనేనంట గద," అంది. "మొదలు నేనే రావాలేమో." నవ్వింది. తోడుగా నవ్వబోయాను, రాలేదు. సిమెంటు బల్ల మీద కూర్చుని కొవ్వొత్తులు సంచిలో పెట్టుకుంది. వెలిగించలేదు.

ఇక ఆ కల్పించిన ముక్క. బర్రె నిజం. బస్సు అడిగినాయన నిజం. టెంటులో చిన్నమ్మ మాట్లాడింది చూడండి, అది అబద్ధం. మైకు చేతికి రావడం నిజమే. "సార్, మా బొందలగడ్డ" అన్నది. "బొందలగడ్డ. రాసుకున్నాం. తర్వాత," అన్నాడు అధికారి తల ఎత్తకుండా. మా వరసలో పక్కన కూర్చున్నాయన మైకు అందుకుని వీధిలైట్ల సంగతి ఎత్తుకున్నాడు. ఎవరూ ఆగలేదు, ఎవరూ లేవలేదు. చిన్నమ్మ ఇంకాస్త సేపు నిలబడే ఉంది. వెనకాలవాళ్లు కనిపిస్తలేదని అంటే కూర్చుంది.

మిగతాదంతా ఆమె ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నాకు చెప్పింది. ఇంజను చప్పుడుకు నాకు సగమే వినిపించింది, మిగతా సగం నేను పూరించాను. తీగలు ముట్టనన్నది మాత్రం ఆమె మాటే. అది మళ్లీ మళ్లీ చెప్పింది.