టైపమ్మ కొన్న మూడేళ్ళ వారంటీ

టైపమ్మకు వినడం బాగా వచ్చు. అర్థం చేసుకోవడం మాత్రం ఆమె ఉద్యోగంలో భాగం కాదు.

పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని ఇదే. ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో డాక్టర్లు రోగిని చూసి, రికార్డరులోకి గొణిగిన మాటలు ఫైళ్ళుగా ఆమె లాప్‌టాప్‌లోకి వచ్చి పడతాయి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, టేబులు కింద ఉన్న పెడల్‌ని కుడికాలితో తొక్కుతూ, విన్నది విన్నట్టు టైపు చేసి పంపాలి. ముందువైపు నొక్కితే గొంతు నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది, మడమతో నొక్కితే నాలుగు మాటలు వెనక్కి పోతుంది. డాక్టర్ల పేర్లు ఎవరూ చెప్పరు కనుక ఆమే పెట్టుకుంది. ఒకాయన దగ్గు డాక్టరు. ఒకాయన నమిలే డాక్టరు. నోట్లో ముద్ద లేకుండా ఆయన ఏ రోగి గురించీ చెప్పిన పాపాన పోలేదు. ఒకావిడ ఆవులింతల డాక్టరు. ఆవిడ ఫైలు వస్తే టైపమ్మకూ ఆవులింతలే.

చేరిన కొత్తలో ఆమె అర్థం చేసుకునేది. ఒకసారి ఏడేళ్ళ పిల్ల గురించిన ఫైలు వింటూ చేతులు ఆగిపోయి, ఆ రోజు పని సగం మిగిలిపోయింది. అప్పటి సూపర్‌వైజరు కోప్పడలేదు. “అమ్మా, చెవిలో పడింది నేరుగా వేళ్ళలోకి పోవాలి. దారిలో ఎక్కడా దిగకూడదు” అన్నాడు. టైపమ్మ ఆ దారి వేసుకుంది. ఆ తర్వాత ఎంతమంది చచ్చినా, ఎంతమంది బతికినా ఆమె వేళ్ళు ఆగలేదు. నూటికి రెండు తప్పుల దాకా కంపెనీ ఊరుకుంటుంది. ఆమెవి అందులో సగం కూడా ఉండవు.

ఆమె మొగుడు అదే జబ్బుకు కంటి వైపు రోగి. ముప్పయ్యేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ఒక లావుపాటి నవల మూడుసార్లు దిద్దాక, “చివరికి ఆ కథలో పిల్ల బతికిందా?” అని టైపమ్మ అడిగితే, “ఏ పిల్ల?” అన్నాడు. ప్రెస్సు మూతపడి ఎనిమిదేళ్ళయింది. అప్పటినుంచీ మందుల పెట్టెల మీదా, కరెంటు బిల్లు వెనకా పెన్సిలుతో దిద్దుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. ఇల్లు నడిచేది ఆమె వేళ్ళ మీద. ఆ వేళ్ళు నడిచేది లాప్‌టాప్ మీద.

పాత లాప్‌టాప్ కిందటేడు చచ్చింది. బిల్డింగు కింద మెట్ల పక్కన రిపేరు కొట్టు పెట్టుకున్న మరిది దాన్ని తొమ్మిది రోజులు ఉంచుకున్నాడు. “పార్టు వస్తోంది వదినా” అని రోజూ చెప్పాడు. పార్టు వచ్చింది, పని పోయింది. ఆ తొమ్మిది రోజుల్లో దగ్గు డాక్టరు ఫైళ్ళను కంపెనీ ఇంకెవరికో ఇచ్చేసింది, మళ్ళీ వెనక్కి ఇవ్వలేదు. నెలలో మూడోవంతు పని ఆయనది. ఆ దగ్గు ఇప్పుడు ఎవరి చెవుల్లో పడుతోందో.

పార్టు వేసినా పాతది నిలవలేదు. కొత్త లాప్‌టాప్ కొన్నాక కీబోర్డు మీద పల్చటి ప్లాస్టిక్ పొర పరిచింది, టీ కప్పును గది దాటి రానివ్వలేదు. లాప్‌టాప్ కంపెనీ ఇచ్చే ఏడాది వారంటీ ఈ నెలాఖరుకి అయిపోతుందనగా ఫోన్లు మొదలయ్యాయి.

“మేడమ్, ఇంకో మూడేళ్ళకి పొడిగించుకోవచ్చు. మిషన్ ఆగిపోతే మర్నాడే ఇంజనీరు మీ ఇంటికి వస్తారు. మనశ్శాంతికి వెల కట్టలేం కదా మేడమ్” అంది ఫోనులో అమ్మాయి. ఆ వెంటనే దానికి పన్నులతో సహా వెల చెప్పింది. టైపమ్మ నెల సంపాదనలో సగం.

సాయంత్రం మరిది పైకి వచ్చి షరతుల పుస్తకం తిరగేశాడు. అరచేతిలో పట్టేంత పుస్తకం, చీమల్లాంటి అక్షరాలు.

“వదినా, ఇది చూడు. బ్యాటరీ పోతే లేదు. కీబోర్డు అరిగితే లేదు. నీళ్ళు పడితే లేదు, కింద పడితే లేదు. మరి దేనికుందీ అంటే, బీరువాలో పెట్టి తాళం వేసుకున్నదానికుంది.”

“బోర్డు పోతేనో? పోయినసారి పోయింది అదేగా.”

“అది ఏడేళ్ళు తొక్కిన మిషను. కొత్తది మొదటి ఏడాది పోలేదంటే ఇంక మూణ్ణాలుగేళ్ళు పోదు. నీ లాప్‌టాప్ పాడవదని వాళ్ళు పందెం కాస్తున్నారు వదినా. పాడవుతుందని నువ్వు కాస్తున్నావు. వాళ్ళకి లెక్కలు తెలుసు.”

“నీ కొట్లో తొమ్మిది రోజులు మగ్గిన లెక్క నాకూ తెలుసయ్యా.”

“ఇన్నాళ్ళయినా ఆ తొమ్మిది రోజులూ వదలవా? ఈసారి పోతే నా మిషను తెచ్చి నీ టేబులు మీద పెడతా.”

“అది తెరిస్తే కాగిన నూనెలో తాలింపు వేసినట్టు చప్పుడొస్తుంది. డాక్టరు చెప్పేది వినాలా, నీ ఫ్యాను పాడేది వినాలా?”

మరిది నవ్వేశాడు. వాడు చెప్పింది నిజమని టైపమ్మకు తెలుసు. ఆమెకు కావలసింది నిజం కాదు, మర్నాడే వచ్చే ఇంజనీరు. వాడు చెప్పింది మిషను సంగతి. ఆమె బెంగ దగ్గు డాక్టరులాగే నమిలే డాక్టరూ చేజారిపోతాడేమోనని. వీటిని ఒకే త్రాసులో తూచడం కుదరక నాలుగు రోజులు కొట్టుమిట్టాడింది.

“మీరు కాస్త ఆ పుస్తకం మొత్తం చదివి చెప్పండి. చిన్న అక్షరాలు మీకు అలవాటేగా” అంది మొగుడితో.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరూ పనిలో ఉన్నారు. ఆయన కిటికీ దగ్గర భూతద్దమూ పెన్సిలూ పట్టుకుని కళ్ళలో ఒత్తులు వేసుకుని చదువుతున్నాడు. ఆమె ఒక మీటింగు ఫైలు పట్టుకుంది. డాక్టర్ల ఫైళ్ళతోపాటు అప్పుడప్పుడు ఏవో ఆఫీసుల మీటింగులు కూడా వస్తాయి. వాటికి పేరుండదు, నెంబరే. రేటు కాస్త ఎక్కువ కనుక ఆమె వదలదు. ఇది యాభై నిమిషాల ఫైలు, నలుగురు మగవాళ్ళు, ఒకళ్ళ మాట మీద ఒకళ్ళు. అలాంటివి కష్టం, ఎవరి మాట ఎవరిదో విడదీయాలి, నవ్వితే బ్రాకెట్లో ‘నవ్వు’ అని పెట్టాలి. కాలు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, మనసులో వారంటీ తీసుకోవడమా మానడమా అని నలుగుతూ, రెండు గంటల్లో పూర్తి చేసి పంపేసింది. తప్పులు సున్నా అని సాయంత్రానికి కబురొచ్చింది. ఆయనా పుస్తకం మూసి కళ్ళజోడు తీశాడు.

“ఎలా ఉంది?” అంది ఆత్రంగా.

“దరిద్రంగా ఉంది. పదకొండు తప్పులు. ఒకచోట రెండు కామాలు పక్కపక్కన పడ్డాయి. ఎవడు చూశాడో ప్రూఫు.”

“తీసుకోవచ్చా, వద్దా?”

ఆయన ఒక పేజీని వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. “కాగితం మంచిదే వాడాడు” అన్నాడు.

నెలాఖరు రోజున, గడువు ఇంకో మూడు గంటలుందనగా, టైపమ్మ ఫోను చేసి వారంటీ కొనేసింది. కొన్నాక నిజంగానే హాయిగా ఉంది. ఆ హాయి రెండు వారాలుంది. మూడేళ్ళు అనే మాటను నాలుక మీద పెట్టుకుని తిప్పింది. మూడేళ్ళలో ఇంటి మీదున్న చిన్న అప్పు తీరుతుంది. ఆపైన నడుము నొప్పికి ఎవరికైనా చూపించుకోవచ్చు, అదీ తను టైపు చేయని డాక్టరుకి.

పదిహేనో రోజున సూపర్‌వైజరు పిల్ల ఫోను చేసింది. ఈ ఉద్యోగంలో ఆమెకు ఐదో సూపర్‌వైజరు, మంచిది.

“అక్కా, ఈ నెల తర్వాత ఫైళ్ళు రావక్కా. మిషనే విని మిషనే టైపు చేస్తుందట. మన టీమ్ అంతా తీసేశారు. నాదీ పోయింది.”

“ఉన్నట్టుండి ఇదేంటమ్మా? ఒక్క మాట ముందు చెప్పొద్దూ? నిన్న కాక మొన్న లాప్‌టాప్ మీద మూడేళ్ళకి డబ్బు కట్టాను.”



“నీకు తెలుసనుకున్నానక్కా. అందుకే ఇన్నాళ్ళూ నువ్వు ఏమీ అడక్కపోతే, ఎంత గట్టి మనిషో అనుకున్నా.”

“నాకెలా తెలుస్తుంది?”

“ఆ మీటింగు ఫైలు నువ్వే కదా చేసింది. మన హెడ్డాఫీసుదే అది. మనల్ని తీసేసే తేదీతో సహా ఉంది అందులో. నేను చూసింది నువ్వు టైపు చేసిన కాగితంలోనే.”

టైపమ్మ ఫోను పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. వెక్కివెక్కి ఏడ్చే రకం కాదు ఆమె. ముందు చేయాల్సిన పని చేసింది. వారంటీ రద్దు చేయమని ఫోను కొట్టింది. రికార్డు చేసిన గొంతు ఒకటి ఆమె చెప్పింది రెండుసార్లు అర్థం చేసుకోలేదు, మూడోసారికి మనిషి దొరికాడు.

“పది రోజుల్లోపే రద్దు మేడమ్. మీది పదిహేను. పుస్తకంలో ఉంది, తొమ్మిదో పేజీ.”

తొమ్మిదో పేజీ తెరిచింది. ఉంది. సరిగ్గా ఆ వాక్యం చివరే పక్కపక్కన పడ్డ రెండు కామాలు. ఒకదాన్ని ఆయన పెన్సిలుతో అందంగా కొట్టేసి, మార్జిన్‌లో గుర్తు పెట్టాడు. ఆమె వేలు పెట్టి చూపించింది. ఆయన భూతద్దంలోంచి చూసి, మొదటిసారి ఆ వాక్యం చదివాడు. తర్వాత పెన్సిలు జేబులో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

“ఏమైనా అనండి” అంది టైపమ్మ.

“ఏమంటాను? ఇద్దరమూ చదువుకున్నవాళ్ళమే.”

మరిది విషయం తెలిసి పైకి వచ్చాడు. ఇలాంటప్పుడు జనం చెప్పే మాటలేవీ వాడు చెప్పలేదు, అందుకు వాడిని మెచ్చుకోవాలి. ఒక తలుపు మూసుకుంటే ఇంకోటి తెరుచుకుంటుందని అనలేదు. అలా అన్నవాళ్ళు పక్క వాటాలో ఉన్నారు, ఆ తలుపు ఎటువైపుందో మాత్రం చెప్పలేదు. “అమ్మేద్దామా వదినా? వారంటీ ఉంది కనక నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి” అన్నాడు వాడు. ఆ వారంటీ కొన్నవాళ్ళ పేరు మీద తప్ప చెల్లదని పన్నెండో పేజీలో ఉంది. ఈసారి పుస్తకాన్ని ముగ్గురూ చదివారు.

చివరి వారం ఫైళ్ళు ఆమె అన్నీ చేసింది. నమిలే డాక్టరు ఆఖరి ఫైలులో ఏదో కరకరలాడేది నములుతున్నాడు. ఆయనకు తెలియదు, తెలిసినా ఆగడు. అది పంపేశాక లాప్‌టాప్ మూసి, మూత మీద చేతులు ఆనించి కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టుండగా వేళ్ళు వాటంతటవి కదిలాయి. ఏం చెబుతున్నాయో అని కాసేపు చూసింది. మీటింగు. వేళ్ళకు అంతా గుర్తుంది. తేదీ, మనుషుల లెక్క, ఎవరి మాట తర్వాత ఎవరిది. మూత మీద టకటకమంటూ ఒక్కొక్క మాటా వస్తుంటే, ఈసారి అవి దారిలో దిగాయి.

ఒకడు అడుగుతున్నాడు, ‘మరి టైపు చేసేవాళ్ళకి ఎప్పుడు చెబుదాం?’

ఇంకొకడు, ‘మనం చెప్పడమెందుకు? ఈ రికార్డింగు వాళ్ళే కదా టైపు చేసేది.’

తర్వాత బ్రాకెట్లో ‘నవ్వు’. ఒక్కటి కాదు, నాలుగు గొంతుల నవ్వు. నిబంధన ప్రకారం ఒకసారే పెట్టింది.

టైపమ్మ లేచి పెడల్ తీగ చుట్టింది. లాప్‌టాప్‌ని పాత దుప్పటిలో చుట్టి, బీరువా పై అరలో పెట్టి తాళం వేసింది. దాని మీద నీళ్ళు పడవు, అది కింద పడదు, కీబోర్డు అరగదు. ఇంకా రెండేళ్ళ పదకొండు నెలలుంది.