చక్రాల ఇంటి కొక్కెం

పోయిన నెల భద్రాచలంలో దర్శనం చేసుకుని వైరాకు తిరిగి వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. అద్దంలో ఏమీ కనపడటం లేదు, కాస్త టిఫిన్ చేసి పోదామంటూ కిరాయి కారు డ్రైవరు తల్లాడ ఇంకా రాకముందే రోడ్డు పక్కన ఒక టిఫిన్ సెంటరు దగ్గర ఆపాడు. సెంటరంటే పాకా కాదు, షెడ్డూ కాదు. చక్రాలు ఊడదీసి ఇటుకల మీద నిలబెట్టిన ఒక పాత రేకుల గది. దాని ముందు భాగం ఎత్తుగా గాలిలోకి చొచ్చుకొస్తే, ఆ నీడన గ్యాసు పొయ్యి పెట్టుకుని ఒకామె దోసెలు పోస్తోంది. మా ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగుతుంటే నేను గొడుగు ముడుస్తూ గుమ్మం పైకి చూశాను. అక్కడొక ఇనప కొక్కెం, దానికి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. కొస కొద్దిగా ఎడమకు వంగిన ఆ కొక్కేన్ని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను, ఎందుకంటే అది మా అత్తగారింటి వసారా దూలానిది.

మా తరంలో క్యాంపు ఉద్యోగస్థుణ్ణి కట్టుకున్న ఆడవాళ్ళకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు. మా ఆయన నేల తొలిచి అడుగున బొగ్గు ఎంత లోతులో ఉందో చూసే ఒక కాంట్రాక్టు సంస్థలో క్యాంపు ఇన్‌చార్జి. ఇల్లందు అవతలి అడవుల్లో ఒకచోట గుడారాలు వేయడం, బోర్లు దింపడం, పని కాగానే సామాను ఎత్తుకుని ఇంకోచోటికి పోవడం, ఇదీ ఆయన బతుకు. నేను వైరాలో అత్తమ్మ దగ్గర. ఆయన ఏ జ్వరమో వస్తే ఇంటికి వచ్చేవారు, తెచ్చిన బట్టలు ఉతికి ఆరేలోపే మళ్ళీ బస్సెక్కేవారు. పెళ్ళయి ఏళ్ళు గడుస్తున్నా పిల్లలు లేరేమని నన్ను అడగని మనిషి మా వీధిలో లేదు. ఏ దవాఖానాకు పోవాలో, ఏ దేవుడికి మొక్కాలో చెప్పేవాళ్ళే గానీ, మీ ఆయన ఏడాదిలో ఎన్నాళ్ళు ఇంట్లో ఉంటాడమ్మా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అడిగితే ఏం చెప్పాలో నేను సిద్ధంగా ఉంచుకున్నాను కూడా.

రెండువేల సంవత్సరం దాటాక, సెల్‌ఫోన్లు పట్నాల దాకా వచ్చి అడవి అంచున ఆగిపోయిన ఆ రోజుల్లో, సంస్థ యజమాని ఎక్కడో చూసి మనసు పడి, క్యాంపు ఇన్‌చార్జి కోసమని ఒక చక్రాల ఇల్లు కొన్నాడు. ఇల్లు ఉంది కాబట్టి ఇన్‌చార్జి తన భార్యను తెచ్చుకోవచ్చు అన్నాడు. ఆ కబురు విన్నరోజు నేను కూరలో ఉప్పుకు బదులు చక్కెర వేశానని మా అత్తమ్మ చాలా ఏళ్ళు నన్ను ఆటపట్టించింది. అది ట్రాక్టరు వెనక ట్రాలీలాంటిది కాదు. ముందు భాగం ఎత్తుగా లేచి లారీ వీపు మీద ఎక్కి కూర్చునేది. లారీ మీద గ్రీజు పూసిన గుండ్రటి ఇనప పళ్ళెంలో ఇంటి అడుగున పొడుచుకొచ్చిన లావుపాటి మేకు దిగి బిగుసుకునేది. ఆ పళ్ళేన్ని డ్రైవర్లు ఫిఫ్త్ వీల్ అనేవారు, నేను ఇంటి చుట్టూ తిరిగి చక్రాలు లెక్కపెట్టి ఐదోది ఏదని అడిగి నవ్వులపాలయ్యాను. ఆ ఎత్తు భాగంలోనే మా మంచం. రెండు మెట్లెక్కి అటక మీదికి పాకినట్టు పోయి పడుకోవాలి. కింద వంట గట్టు, చిన్న బీరువా, ఇద్దరు కూర్చుంటే ముగ్గురికి చోటు లేని బల్ల.

అత్తమ్మ కూడా చూడటానికి వచ్చింది. పాలు పొంగించనిదే కోడలు ఆ గుమ్మంలో అడుగు పెట్టడానికి వీల్లేదంది. ఆ ఇల్లు తయారుచేసిన కంపెనీ వాళ్ళిచ్చిన వారంటీ కార్డును దేవుడి పటం పక్కన పెట్టి దానికీ పసుపూ కుంకుమా పెట్టింది. అన్నీ అయ్యాక సంచిలోంచి బూడిద గుమ్మడికాయనూ, వసారా దూలం నుంచి పీకించి తెచ్చిన కొక్కేన్నీ తీసింది. క్యాంపు వాళ్ళంతా నవ్వారు.

“చక్రాలుంటే ఏందిరా, ఇల్లు ఇల్లే గదా! అందరి కండ్లు దీని మీదనే ఉన్నయ్. నా కోడలు కడుపు పండాలె ఈ ఇంట్లనే” అంది, నేను సిగ్గుతో ఎటు చూడాలో తెలియకుండా చేసి. ఆయన నిచ్చెన వేసుకుని గుమ్మం పైన రేకుకు తూటు పొడిచి, ఆ కొక్కేన్ని బిగించి, గుమ్మడికాయను ఉట్టిలో వేలాడదీశారు. అత్తమ్మ మొహంలో ఆనాటి తృప్తి నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

ఆ తరవాతి రోజులు నా బతుకులో మంచి రోజులు, ఇందులో దాపరికమేమీ లేదు. పొద్దున్నే ఆయన బోరు దగ్గరికి పోతే మధ్యాహ్నం అన్నానికి వచ్చేవారు. మా ఆయన మధ్యాహ్నం అన్నం తింటారన్న సంగతి నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళకు తెలిసింది. ఇప్పపూల వాసన కిటికీలోంచి వచ్చేది. పక్క గూడెం ఆడవాళ్ళు వచ్చి గోడల మీద కొట్టి చూసి, తమ భాషలో ఏదో అనుకుని పకపకా నవ్వేవారు, నేనూ అర్థం కాకుండానే నవ్వేదాన్ని. క్యాంపు కదిలినప్పుడు ఇంట్లో మనుషులు కూర్చోకూడదు గనక, లారీ మీద ఎక్కి ఇల్లు ముందు పోతుంటే నేను వెనక జీపులో కూర్చుని నా ఇంటిని నేనే చూసుకుంటూ పోయేదాన్ని. పర్ణశాల అక్కడికి ఎంతో దూరం కాదు. సీతమ్మ కాపురం చేసిన ఆకుల కప్పు ఏనాడైనా కారిందో లేదో ఎవరూ చెప్పలేదని మా ఆయనతో హాస్యమాడితే, ముందు మనది కారకుండా చూసుకో అనేవారు.

అన్నట్టే అయింది. ఎండాకాలం మధ్యలో వచ్చిన గాలివానకు మా తలగడల మీద నీళ్ళు పడ్డాయి. పైకి చూస్తే ఏ పగులూ లేదు. తెల్లటి నున్నటి పలకల వెనక ఎక్కణ్ణించో నీరు నడిచి వచ్చి మంచం మీద రాలుతోంది. క్యాంపులో వెల్డరు ఉన్నాడు, తారు డబ్బా ఉంది, ఇంత ఇనుము విప్పి బిగించే మనుషులు ఉన్నారు. కానీ వారంటీలో ఉన్న బండిని బయటివాళ్ళు ముట్టుకుంటే వారంటీ పోతుందని కార్డులో రాసి ఉంది. అందుకని అంతమంది పనివాళ్ళు చుట్టూ నిలబడి కారే ఇంటిని చూసి నాలుక చప్పరించి వెళ్ళిపోయారు. ఇంట్లో వడ్డించిన విస్తరి పెట్టుకుని ముట్టుకోవద్దన్నట్టయింది మా పని.

కంపెనీ ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంది. సెల్‌ఫోనుకు సిగ్నలు క్యాంపు వెనక గుట్టెక్కితేనే దొరికేది. ఆయన గుట్టెక్కి ఫోను చేస్తే అవతల ఒక గొంతు ఆ నంబరు నొక్కండి, ఈ నంబరు నొక్కండి అని, చివరికి మనిషి దొరికాక ఇంటి నంబరు చెప్పమని అడిగేది. ఇంటి నంబరు లేదంటే వీధి, వీధి లేదంటే దగ్గర్లో గుర్తు. ఏం గుర్తు చెబుతారు, మద్దిచెట్టు పక్కన ఇంకో మద్దిచెట్టు అని చెబుతారా? ఎలాగో తంటాలుపడి దారి చెప్పి ఫిర్యాదు రాయించారు. వాళ్ళు మనిషిని పంపించారు కూడా, అది ఒప్పుకోవాలి. కాకపోతే ఆ మనిషి వచ్చేసరికి మా క్యాంపు అక్కడ లేదు. పొయ్యి రాళ్ళూ, పూడ్చిన బోరు గుంతలూ చూసి, ఇంటికి వెళ్తే ఇల్లు లేదని రాసుకుని వెళ్ళిపోయాడట. మళ్ళీ గుట్టెక్కితే, మీ ఫిర్యాదు మూసేశాం అన్నారు. రెండోసారి, బండినే వర్క్‌షాపుకు తీసుకురమ్మన్నారు. బండిని పంపితే మేము పడుకునేది ఎక్కడ అని అడిగితే, అది మా పరిధిలోకి రాదన్నారు. నిజమే, నేను ఎక్కడ పడుకుంటే వాళ్ళకేం?

ఈ లోపల తొలకరి దగ్గరపడింది. వానలు మొదలయ్యేలోపు ఇల్లు బాగుపడకపోతే ఆడమనిషిని అడవిలో ఉంచనని యజమాని ముందే చెప్పాడు. అందుకే ఆకాశంలో ఒక మబ్బు కనపడితే చాలు, బయటికి వచ్చి అది ఎటు పోతోందో చూస్తూ నిలబడేదాన్ని. పైరుకు వాన కావాలని ఊరంతా ఎదురుచూస్తుంటే, వద్దు దేవుడా అని మొక్కినదాన్ని నేనొక్కదాన్నే.

చివరికి ఇంజనీరు వచ్చాడు. ఈసారి మా ఆయన ఇల్లందు బస్టాండులోనే కాపుకాసి, పట్టుకుని తీసుకొచ్చారు. పాపం చిన్నవాడే, దారి పొడుగునా వాంతులు చేసుకున్నాడు, నేను మజ్జిగ ఇచ్చాను. లోపల పలకలు తట్టి చూశాడు, మంచం ఎక్కి చూశాడు, బయటికి వచ్చి ఇల్లంతా తిరిగి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. గుమ్మడికాయను చేత్తో పక్కకు జరిపాడు.

“ఈ హోల్ ఎవరు కొట్టిండ్రు సార్?”

“నేనే” అన్నారు మా ఆయన. అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు.

“అయిపాయె సార్. బాడీకి కస్టమర్ హోల్ కొడితే వారంటీ కట్. నీళ్ళు గీడికెల్లే పోతున్నయ్ లోపటికి.”

మంచం ఆ కొసన ఉంది, కొక్కెం ఈ కొసన ఉంది, నీళ్ళు అంత దూరం ఎట్లా పోతాయయ్యా అని నేను అడ్డుపడ్డాను. రేకుల నడుమ నీళ్ళు ఎటైనా పోతాయన్నాడు. అయితే పలక విప్పి చూపించమన్నాను. పలక విప్పడం వర్క్‌షాపులోనే, అదీ వారంటీ ఉన్న బండికే అన్నాడు. “నన్నేం జెయ్యమంటరు మేడం, ఫోటో తీస్కరమ్మంటరు, తీస్కపోత” అని గుమ్మడికాయకు ఫోటో తీసుకుని, ఇంకో గ్లాసు మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. అతన్ని తిట్టి ఏం లాభమని గ్లాసు కడిగి బోర్లించాను. మా ఆయన నిచ్చెన దగ్గర నిలబడి తన చేతుల వంక చూసుకుంటున్నారు.

ఇక ముట్టుకుంటే పోయే వారంటీ లేదు గనక వెల్డరు వచ్చి కొక్కెం చుట్టూ తారు పూశాడు, పైన టార్పాలిన్ కట్టారు. టార్పాలిన్ గాలికి నిలవలేదు, తారు పూసినా తలగడ మీద నీళ్ళు ఆగలేదు. తొలకరి వానకే క్యాంపు జనరేటరు నుంచి వచ్చే కరెంటు తీగలు తడిసి, నేను తడిచేత్తో తలుపు పట్టుకుంటే ఒళ్ళు ఝల్లుమని కిందపడ్డాను. ప్రాణానికేం కాలేదు గానీ ఆ సంగతి యజమాని చెవిన పడింది. మర్నాడే లారీ వచ్చింది. వానలు తగ్గాక బాగుచేయించి తెస్తామన్నారు, అది నమ్మినట్టు నేనూ తల ఊపాను. ఎప్పటిలా వెనక జీపులో కూర్చున్నాను. ఇల్లందు దగ్గర ఇల్లు ఒక దారిన పోయింది, నేను వైరా బస్సెక్కాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని అంతమందిలో ఏడ్చాను, కండక్టరు టిక్కెట్టు అడగడానికి కూడా జంకాడు.

ఇల్లు మళ్ళీ రాలేదు. ఎవరికో అమ్మేశారని తరవాత తెలిసింది. కొక్కెం మాట అత్తమ్మకు మేము చెప్పలేదు. వానలకు పాడైందని చెబితే, ఎంత దిష్టి తగిలిందో పాడుకళ్ళది అనుకుంటూనే ఆవిడ కన్నుమూసింది. పిల్లలు మాకు కలగలేదు. ఆ ఇల్లు నిలిచి ఉంటే కలిగేవారా అంటే నేనేం చెప్పను, ఎవరు చెప్పగలరు? మా ఆయన మాత్రం ఆ ఇంటి ఊసెత్తితే చాలు లేచి పెరట్లోకి పోయేవారు. తన చేత్తో తానే పోగొట్టానని ఆయన మనసులో పడిపోయింది. ఎంత చెప్పినా, ఊకో, అయిపోయిన ముచ్చట అనేవారు తప్ప నా మొహంలోకి చూసేవారు కాదు.

ఇప్పుడు వైరాలో మాది స్లాబు ఇల్లు. మోకాళ్ళ నొప్పికి ఆయనకు కింద గది, దగ్గుకు నాకు వేరే గది. మొన్న ఫ్రిజ్ చల్లబడకపోతే పక్కింటి అమ్మాయి నా ఫోనులో ఏదో నొక్కింది, టీ చల్లారేలోపు మెకానిక్కు గేటు ముందు నిలబడ్డాడు. మేము ఎక్కడున్నామో ఆ ఫోనుకే తెలుసట. ఎంత సుళువైపోయింది లోకం! ఆనాడు ఇందులో వీసమెత్తు సుళువు ఉంటే చాలుననిపించి, ఆ మెకానిక్కుకు టీ ఇస్తూ నాకు ఎందుకో కోపం కూడా వచ్చింది.

ఆ వానలో టిఫిన్ సెంటరు లోపలికి వెళ్ళాం. గోడలకు పలకలన్నీ ఎప్పుడో ఊడిపోయాయి, ఉత్త రేకులు కనపడుతున్నాయి. మా మంచం ఉండిన ఎత్తు మీద ఉల్లిగడ్డల బస్తాలు ఓ పక్కకు జరిపి, సరిగ్గా తలగడల చోట ఒక బకెట్ పెట్టి ఉంది. పై రేకూ పక్క రేకూ కలిసే అతుకులోంచి నీటి చుక్కలు ఒకదాని వెంట ఒకటి అందులో పడుతున్నాయి. ఆయన ఇంకా అది మా ఇల్లని పోల్చుకోలేదు, అలవాటు లేని చీకట్లో కళ్ళు చికిలించుకుంటూ ఆ మెట్ల వైపే కూర్చోబోయారు. దోసెలామె గరిటె పట్టుకుని లోపలికి తొంగి చూసి కేకేసింది.

“పెద్దాయనా, ఆ మూలకు కూసోకు, కారుతది. మేం కొన్నకాడ నుంచి గట్లనే ఉంది. గిటు తలుపు కాడికి రా, ఎంత వాన గొట్టినా గీడ చుక్క పడదు.”

మా ఆయన ఆగిపోయి, ఆ ఎత్తు మీది బకెట్‌నూ గుమ్మాన్నీ మార్చి మార్చి చూశారు. మెల్లగా నడిచి వచ్చి గుమ్మం కింద నిలబడ్డారు. కొక్కెం చుట్టూ పూసిన తారు ఎప్పుడో రాలిపోయింది, దాని మర కొస రేకులోంచి లోపలికి పొడుచుకొచ్చి ఉంది. చెయ్యెత్తి దాన్ని తడిమి చూసుకుని, వేళ్ళు నా ముందుకు చాపారు, పొడిగా ఉన్నాయో లేదో చెప్పమన్నట్టు. ఇన్నేళ్ళ తరవాత దొరికిన ఈ సాక్ష్యాన్ని ఏ కంపెనీకి చూపిస్తాం, ఎవరికి ఫోను చేస్తాం? పొడిగానే ఉన్నాయండీ అన్నాను. ఆయన నా మొహంలోకి చూశారు. తరవాత బల్ల మీద నా పక్కన కూర్చున్నారు. ఇడ్లీలు వచ్చి చల్లారిపోయాయి, వాన తగ్గింది, డ్రైవరు వచ్చి రెండుసార్లు పిలిచాడు. ఇంకాసేపు ఉందాం అన్నారు ఆయన.